వానలో భూమికి దక్కేదెంత? నెవాడా పట్టిక, గరివిడి నుయ్యి

వానలో ఎంత శాతం భూమిలోకి దిగుతుందని అడిగితే ఎక్కువమంది పది అంటారు. కాస్త చదివినవాళ్లు పదకొండు అంటారు. ఆ పదకొండు ఎక్కడిది, ఏ రాయికి చెప్పింది, ఏం కొలిస్తే వచ్చింది అని మాత్రం ఎవరూ అడగరు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏటా ఇంచుమించు 1100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. సర్కారీ పట్టిక రాతి రకాన్ని బట్టి కొన్నిచోట్ల 5 శాతం అంటుంది, కొన్నిచోట్ల 11 అంటుంది. ఆ వానలో 5 శాతం అంటే 55 మి.మీ., 11 శాతం అంటే 121 మి.మీ. కాగితం మీద పెద్ద తేడాగా అనిపించదు. అదే పది చదరపు కిలోమీటర్ల చిన్న గెడ్డ (వాగు) పరీవాహక ప్రాంతానికి లెక్క కడితే మొదటిది ఐదున్నర లక్షల ఘనపు మీటర్ల నీరు, రెండోది పన్నెండు లక్షల పైమాటే. రబీ మొక్కజొన్నకు ఎకరానికి రెండు వేల ఘనపు మీటర్లు పడుతుందనుకుందాం. మొదటి లెక్క ప్రకారం 270 ఎకరాలు దాటకూడదు. రెండో లెక్క 600 ఎకరాలు వేసుకోమంటుంది. ఆ ఊళ్లో కొత్తగా బోర్లు వేయొచ్చా లేదా అన్నది ఈ రెండు అంకెల మధ్యే తేలాలి.

వానను ఒక శాతంతో గుణించి భూగర్భ జలం ఎంతో చెప్పేసే పద్ధతుల్లో బాగా పేరున్నది ఒక ఎడారి నుంచి వచ్చింది. దాని కథ తెలిస్తే మన పదకొండు శాతాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

అమెరికాలోని నెవాడా రాష్ట్రం నిండా కొండ వరసలు, వాటి మధ్య పొడవాటి లోయలు. చాలా లోయల నుంచి ఏ నదీ సముద్రానికి పోదు. కొండల మీద మంచు, వాన పడతాయి. లోయ అడుగున ఏడాదికి వంద, రెండు వందల మిల్లీమీటర్లు పడితే గొప్ప. 1949లో మాక్సీ, ఈకిన్ అనే ఇద్దరు భూగర్భ జల నిపుణులు అక్కడి వైట్ రివర్ లోయ మీద పనిచేస్తూ ఒక పట్టిక ఇచ్చారు. ఏడాదికి 8 అంగుళాల కంటే తక్కువ, అంటే సుమారు 200 మి.మీ. లోపు వాన పడే చోట భూమిలోకి దిగేది సున్నా. 8 నుంచి 12 అంగుళాలు పడే చోట 3 శాతం, 15 అంగుళాల వరకు 7 శాతం, 20 అంగుళాల వరకు 15 శాతం, అంతకు మించి పడే ఎత్తైన కొండల మీద 25 శాతం. అంతే. వాన పటం తీసుకుని ఒక్కో పట్టీ విస్తీర్ణాన్ని దాని శాతంతో గుణించి అన్నీ కూడితే ఆ లోయకు ఏటా అందే నీరు వచ్చేస్తుంది. ఇంత సులువు కాబట్టే డెబ్బై ఏళ్లు దాటినా ఆ పట్టికను ఇంకా వాడుతున్నారు.

అయితే వాళ్లు ఈ శాతాల కోసం నీళ్లు నేలలోకి ఎలా దిగుతున్నాయో కొలవలేదు. బయటికి ఎంత పోతోందో లెక్కగట్టారు. మూసుకుపోయిన లోయలో నీటికి వేరే దారి లేదు. ఊటలుగా పొంగాలి, లేదా లోయ అడుగున లోతుగా వేళ్లు దించి భూగర్భ జలాన్ని తాగే పొదల ద్వారా, తడి నేల ద్వారా ఆవిరై పోవాలి. ఏళ్ల తరబడి చూస్తే లోపలికి వచ్చిందెంతో బయటికి పోయేదీ అంతే ఉండాలి. కాబట్టి పదమూడు లోయల్లో బయటికి పోయే నీటిని అంచనా కట్టి, వాన పటం నుంచి వచ్చే మొత్తం దానికి సరిపోయేదాకా శాతాలను అటూ ఇటూ సర్దారు. అలా కుదిరిన అంకెలే ఆ పట్టిక.

అందుకే ఆ శాతాలను అవి ఏ పటంతో కుదిరాయో ఆ పటం నుంచి విడదీయకూడదు. అప్పట్లో వాడింది 1936లో హార్డ్‌మన్ గీసిన వాన పటం. తర్వాత కంప్యూటర్లతో తయారైన కొత్త పటాలు కొండల మీద అంతకంటే ఎక్కువ వాన చూపించాయి. పాత శాతాలనే కొత్త పటానికి తగిలిస్తే రీఛార్జ్, అంటే భూమిలోకి దిగి భూగర్భ జలంలో చేరే నీరు, కాగితం మీద అమాంతం పెరిగిపోతుంది. అవతల లోయలో ఒక్క ఊటలోనైనా చెంబెడు నీరు పెరగదు.

ఇప్పుడు ఆ పట్టికను విజయనగరానికి తెచ్చామనుకోండి. మన 1100 మి.మీ. వాన 20 అంగుళాలకు రెట్టింపు పైనే కాబట్టి 25 శాతం వరసలో పడుతుంది. 275 మి.మీ. నీరు భూమిలోకి దిగాలి. దిగుతుందా? దీనికి జవాబు చెప్పడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, ఒక పాత నుయ్యి చాలు.

గరివిడి, చీపురుపల్లి వైపు మే నెలలో ఏ పాత నూతిలోకైనా తొంగి చూస్తే గోడ మీద పొరలన్నీ కనిపిస్తాయి. పైన మీటరు, మీటరున్నర ఎర్ర గరువు. దాని కింద పసుపు, తెలుపు కలిసిన సుద్ద. తూర్పు కనుమల్లో కనిపించే ఖోండలైట్ రాయిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కుళ్లి బంకమట్టిగా మారితే వచ్చేది అదే. అందులో కుళ్లకుండా మిగిలిన ఎర్రటి గార్నెట్ పలుకులు వేలికి గరగరా తగులుతాయి. ఇంకా కిందకి వెళితే రాయిలా కనబడుతుంది గానీ గునపం దెబ్బకు పొరలుగా విడిపోతుంది. ఆ తర్వాత అసలు రాయి. నీళ్లు గోడ మొత్తం నుంచి ఊరవు. పుచ్చిన రాయి గట్టి రాయిని కలిసే చోట, ఆ సందుల్లోంచి సన్నటి చెమ్మగా, అక్కడక్కడ ధారగా వస్తాయి. గోడ మీద నాచు గీతలు చూస్తే పోయిన కార్తీకంలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చెప్పొచ్చు.

ఆ సుద్దలో నీరు లేక కాదు, బోలెడుంది. కానీ బంకమట్టి తన నీటిని వదలదు. తడిసిన రాతి పొరలోంచి బరువుకు కిందికి జారి నూతికి వచ్చే వాటాను నిపుణులు స్పెసిఫిక్ యీల్డ్ అంటారు. బంకమట్టి తక్కువగా ఉన్న పుచ్చిన గ్రానైట్, నీస్ (చారలు చారలుగా కనిపించే గట్టి రాయి) రాళ్లకు మన దేశంలో మామూలుగా 3 శాతం తీసుకుంటారు. బంకమట్టి ఎక్కువగా ఉంటే 1.5 శాతమే. అంటే నూతిలో నీటిమట్టం ఐదు మీటర్లు పెరిగినా చుట్టుపక్కల భూమిలోకి కొత్తగా చేరింది 75 నుంచి 150 మి.మీ. నీరే. రెండు శాతం అనుకుంటే 100 మి.మీ., నాలుగు అంగుళాలు.

ఆ లెక్కన నెవాడా పట్టిక చెప్పిన 275 మి.మీ. మన భూమిలో పట్టాలంటే నీటిమట్టం పద్నాలుగు మీటర్ల దాకా లేవాలి. మే నెలలో ఎనిమిది మీటర్ల లోతున నీళ్లున్న నూతిలో పద్నాలుగు మీటర్లు లేస్తే నీళ్లు ఒడ్డు దాటి ఆరు మీటర్లు గాల్లో నిలబడాలి.

నవ్వుకోవడానికి చెప్పిన మాట కాదిది. ఎడారికీ మనకూ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. ఎడారిలో భూమి కింద చోటు బోలెడుంది, నింపడానికి నీరు లేదు. మన మెట్ట ప్రాంతాల్లో నీరు ఉంది, పెట్టుకోవడానికి చోటు లేదు. నెవాడాలాంటి చోట్ల లోయ అడుగున మట్టిని లోతుగా తవ్వి చూస్తే పదివేల ఏళ్లకు పైబడిన వాన ఉప్పు కదలకుండా అక్కడే పేరుకుని ఉంది. మంచుయుగం ముగిసినప్పటి నుంచి అక్కడ పడిన వాన వేళ్ల పొరను దాటి కిందికి పోలేదన్నమాట. భూగర్భానికి దక్కేదంతా కొండల మీది మంచు కరిగినప్పుడు, కొండ వాగులు లోయలోకి దిగే అంచుల్లోని ఇసుకలో ఇంకినప్పుడు దక్కేదే. అలాంటి చోట వాన పెరిగితే రీఛార్జ్ పెరుగుతుంది. కాబట్టి శాతాలతో లెక్క కట్టడంలో కొంత న్యాయం ఉంది.

మన గెడ్డల ఒడ్డున పరిస్థితి వేరు. ఆగస్టు, సెప్టెంబరు నాటికి మామూలు ఏడాదిలో నూతులు పై వరకు వచ్చేస్తాయి. ఆ తర్వాత పడే వానకు కింద చోటుండదు, గెడ్డలో కలిసి చంపావతి నదికో నాగావళికో పోతుంది. "నుయ్యి నిండిపోనాది బాబూ, ఇంకెక్కడ దిగుతాది!" అని మెట్ట రైతు ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాయి. ఇలా అక్టోబరులో వచ్చే తుఫాను వానలు ఏడాది మొత్తాన్ని బాగా పెంచి చూపిస్తాయి. రాతి నేలల్లో భూగర్భానికి దక్కేది మాత్రం ఆ నిష్పత్తిలో పెరగదు. 1000 మి.మీ. పడిన ఏడూ 1400 పడిన ఏడూ నవంబరు నాటికి నూతి మట్టం ఇంచుమించు ఒకేచోట ఉండొచ్చు. అలాంటి చోట "వానలో 11 శాతం" అన్న మాటకు అర్థం ఏముంది?

దీన్నుంచి ఒక వింత తర్కం కూడా పుడుతుంది. వేసవిలో ఎక్కువ తోడితే చోటు పెరుగుతుంది, చోటు పెరిగితే మరుసటి వానకు ఎక్కువ ఇంకుతుంది, కాబట్టి తోడుకుంటే తప్పు లేదని కొందరు వాదిస్తారు. లెక్క ప్రకారం కొంతవరకు నిజమే. కానీ జూన్, జూలై నెలలు మొహం చాటేసిన ఏడాది ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది, ముందు తాగునీటి బోరు ఎండుతుంది. ఆ వాదనను నమ్మి ఊరి నీటి ప్రణాళిక వేయకూడదు.

ఏడాది లెక్క వద్దు, రోజు లెక్క కావాలి

ఏడాది వాన కంటే ఆ వాన ఎన్ని రోజుల్లో, ఎలా పడిందన్నది ముఖ్యం. రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పదును వాన వేరు, గెడ్డ పారే వాన వేరు. పదును అంటే వేళ్ల పొర తడవడం. అది తడిసి, నిండి, ఇంకా మిగిలితేనే కిందికి దిగుతుంది.

అరవై సెంటీమీటర్ల వేళ్ల పొర ఉన్న గరువు నేల సుమారు 60 మి.మీ. నీటిని పట్టుకోగలదనుకుందాం. పైరు, ఎండ కలిసి రోజుకు 5 మి.మీ. లాగేస్తాయి. జూలైలో 150 మి.మీ. వాన పడింది. అది నాలుగు రోజులకోసారి, ఇరవై మి.మీ. చొప్పున పడితే ప్రతి జల్లూ తర్వాతి జల్లు వచ్చేలోపే ఆరిపోతుంది. పైరు పచ్చగా ఉంటుంది, నూతికి చుక్క దిగదు. అదే 150లో వంద మి.మీ. అల్పపీడనం పట్టి రెండు రోజుల్లో కురిస్తే? పొడి నేల 60 తాగుతుంది, 40 మిగులుతుంది. వాలులో కొంత గెడ్డకు పోగా ఇరవై, ముప్ఫై మి.మీ. కిందికి జారుతుంది. నెల మొత్తం మీద లెక్క వేసేవాడికి మాత్రం రెండు సందర్భాల్లోనూ వాన 150, ఆవిరి 150, మిగులు సున్నా.

ఎడారిలో ఈ పొరపాటు ఇంకా పెద్దదవుతుంది. ఏడాదికి 150 మి.మీ. వాన, రెండు వేల మి.మీ. ఆవిరయ్యే ఎండ. ఏడాది లెక్కలో ఎప్పుడు చూసినా సున్నాయే వస్తుంది. కానీ ఒక రాత్రి 40 మి.మీ. కుండపోతగా కురిసి ఇసుక వాగు పారితే, ఆ వాగు అడుగున ఇంకే నీటిని మర్నాటి ఎండ పట్టుకోలేదు. చిన్న ఎడారి లోయల్లో పదేళ్ల రీఛార్జ్‌లో పెద్ద వాటా ఏవో కొన్ని రాత్రులదే అయి ఉంటుంది.

రోజువారీ లెక్కకు కావలసిన వాన అంకె దొరకడం దగ్గరే ఇంకో చిక్కు మొదలవుతుంది. వానమాపకం సాధారణంగా మండల కేంద్రంలో ఉంటుంది. మన గెడ్డ పుట్టేది అక్కడికి పది పదిహేను కిలోమీటర్ల అవతల కొండ మొదట్లో. మధ్యాహ్నం ఉరుముల వాన ఒక ఊరిని ముంచి పక్క ఊరిని వదిలేయడం ఎవరికి తెలియదు? పెద్ద నది పరీవాహకంలో ఈ హెచ్చుతగ్గులు ఒకదానితో ఒకటి చెల్లిపోతాయి. పది చదరపు కిలోమీటర్లలో చెల్లవు.

ఇక అందరికీ న్యాయంగా తోచే పద్ధతి ఒకటుంది. వానలోంచి ఆవిరి తీసేయ్, గెడ్డలో పోయింది తీసేయ్, మిగిలింది రీఛార్జ్. సూత్రంగా తప్పు పట్టడానికేం లేదు. చెరకు లారీని కాటా మీద డ్రైవరుతో ఒకసారి, డ్రైవరు దిగాక ఒకసారి తూచి డ్రైవరు బరువు చెప్పడం కూడా సూత్రంగా తప్పు కాదు. వాన 1100, ఆవిరి 750, గెడ్డ 250, మిగులు 100 అనుకోండి. ఆవిరి అంచనాలో పది శాతం తప్పు దొర్లితే 75 మి.మీ. గెడ్డ పారుదలలో ఇరవై శాతం తప్పితే 50. వానలో ఐదు శాతమే తప్పు జరిగినా 55. వీటిని కలిపి చూస్తే మిగులు 100, దాని మీద ఉండే తప్పు కూడా ఇంచుమించు 100. ఏమీ దిగలేదన్నా, రెండు వందలు దిగిందన్నా ఈ లెక్క కాదనలేదు. అయినా ఇలా తేల్చిన అంకెలు దశాంశ స్థానాలతో సహా నివేదికల్లో కనబడుతుంటాయి. వాటిని చూస్తే నాకు నవ్వు రాదు, టెన్షన్ వస్తుంది.

సర్కారీ లెక్క ఎలా నడుస్తుంది

మన దేశంలో మండలాల వారీగా భూగర్భ జలాన్ని అంచనా వేయడానికి కేంద్రం నియమించిన కమిటీ 1984లో ఒక పద్ధతి ఇచ్చింది. దాన్ని 1997లో, మళ్లీ 2015లో సవరించారు. ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి నూతి దారి: వానలకు ముందూ తర్వాతా మట్టాల తేడాను స్పెసిఫిక్ యీల్డ్‌తో, విస్తీర్ణంతో గుణించి, ఆ మధ్యలో తోడిన నీరు కలిపి, కాలువలు, చెరువులు, పొలాల నుంచి దిగినది తీసేయడం. రెండోది పట్టిక దారి: వానను రాతి రకానికి తగిన శాతంతో గుణించడం. 1997 పట్టికలో బంకమట్టి తక్కువగా ఉన్న పుచ్చిన గ్రానైట్, నీస్ రాళ్లకు 11 శాతం, బంకమట్టి ఎక్కువైతే 8 శాతం, చార్నొకైట్‌లాంటి గ్రాన్యులైట్ రాళ్లకు (భూమి లోతున విపరీతమైన వేడికి మారిన గట్టి రాళ్లు) 5 శాతం, తూర్పు తీరపు ఒండ్రు నేలలకు 16 శాతం అని ఉంది. ఆ ప్రసిద్ధమైన పదకొండు ఇక్కడిదే.

మరి మన ఖోండలైట్‌ను ఏ వరసలో కూర్చోబెట్టాలి? పుట్టుక చూస్తే అది గ్రాన్యులైట్ జాతి రాయి, కాబట్టి 5. పుచ్చిన తీరు చూస్తే బంకమట్టి నిండిన నీస్‌లా ఉంటుంది, కాబట్టి 8. పక్కనే గ్రానైట్ నీస్ పట్టీ ఉంటే 11 అనేవాళ్లూ ఉంటారు. 2015 సవరణలో రాతి రకాలను ఇంకా విడదీశారు గానీ, రాయి పేరు పెట్టి శాతం చెప్పే తీరు మారలేదు. ఒక చిన్న గెడ్డ పరిధిలో కొండ మీద చార్నొకైట్, వాలులో ఖోండలైట్, పల్లంలో గెడ్డ తెచ్చిపోసిన ఒండ్రు ఉంటాయి. మండలానికి ఒకే శాతమంటే వీటన్నిటినీ కలిపేయడమే.

అసలు మెలిక వేరేచోట ఉంది. రెండు దారుల్లో వచ్చిన అంకెలు ఇరవై శాతం తేడాలో ఉంటే నూతి అంకెనే తీసుకుంటారు. తేడా అంతకు మించితే నూతి అంకెను పక్కన పెట్టి పట్టిక అంకెకు 0.8 రెట్లో 1.2 రెట్లో తీసుకుంటారు. అంటే 1100 మి.మీ. వానకు 5 శాతం వరస ఎంచుకున్న మండలంలో నూతులు ఏం చెప్పినా జవాబు 44కీ 66 మి.మీ.కీ మధ్యే ఉంటుంది. 11 శాతం వరస ఎంచుకుంటే 97కీ 145కీ మధ్య. ఎవరో తప్పుగా కొలిచిన ఒకటి రెండు నూతుల వల్ల మండలం లెక్క మొత్తం తలకిందులు కాకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ ఫలితం ఏమవుతోంది? కొలత పట్టికను దిద్దే బదులు పట్టికే కొలతను దిద్దుతోంది. నెవాడాలో కనీసం బయటికి పోయే నీటిని చూసి శాతాలను సర్దారు.

ఇంకో చిత్రం కూడా చెప్పాలి. నెవాడా లెక్కలో కొండే అన్నిటికీ ఆధారం. మన లెక్కలో ఇరవై శాతం కంటే ఎక్కువ వాలున్న కొండ ప్రాంతాన్ని రీఛార్జ్ విస్తీర్ణంలోంచి తీసేస్తారు, నీరు నిలవదు గనుక. మైదానానికి ఆ నిబంధన బాగుంది. సాలూరు, పార్వతీపురం కొండల మొదట్లో ఉన్న చిన్న పరీవాహకాల్లో సగం కొండే ఉంటుంది. ఆ కొండ నీరు వాలు దిగి, అడుగున రాళ్లూ ఇసుకా పేరుకున్న అంచులో ఇంకుతుంది. దాన్ని వదిలేస్తే అక్కడి ఊళ్లకు అన్యాయం జరుగుతుంది.

నూతి మట్టాల విషయంలోనూ జాగ్రత్త కావాలి. సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డు ఏడాదికి నాలుగుసార్లు, మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలల్లో కొలుస్తుంది. పంపు నడుస్తున్న బోరు మట్టం పనికిరాదు, పక్క పొలంలో పంపు నడుస్తున్నా సరిగా రాదు. తోటపల్లి కాలువ కిందో, గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార కాలువ కిందో ఉన్న నూతిలో మట్టం లేచిందంటే అందులో వాన వాటా ఎంతో కాలువ వాటా ఎంతో చూడగానే చెప్పలేం. చెరువు కింది నుయ్యి కూడా అంతే. చెరువు నీరు పరచుకున్నంత మేర రోజుకు 1.4 మి.మీ. దిగుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. నూట యాభై రోజులు నీళ్లుంటే 210 మి.మీ., వాన రీఛార్జ్‌కు రెట్టింపు. కానీ చెరువు విస్తీర్ణం చిన్నది కాబట్టి మొత్తం పరీవాహకానికి పంచితే నాలుగైదు మి.మీ. మించదు. చెరువు కట్ట కింద నూతి ఒక్కదాన్నే చూసి ఊరంతా నీళ్లున్నాయనుకోవడం అందుకే ప్రమాదం.

ఉప్పు చెప్పే సాక్ష్యం

వానలో అతి కొద్దిగా క్లోరైడ్ ఉంటుంది, సముద్రం మీది గాలి మోసుకొచ్చిన ఉప్పు అది. నీరు ఆవిరైతే ఉప్పు మిగిలిపోతుంది. కాబట్టి వానలో లీటరుకు 5 మిల్లీగ్రాములు, నూతిలో 50 ఉంటే, పది చుక్కల్లో తొమ్మిది ఆవిరై ఒకటి కిందికి చేరిందన్నమాట. పది శాతం. ఇంత చక్కని పద్ధతి ఇంకోటి లేదు. ఎడారుల్లో దీనికి మంచి పేరుంది. అక్కడ వేరే ఉప్పు కలిపేవాళ్లు లేరు, పైగా వందల ఏళ్ల సగటు దానంతటదే వచ్చేస్తుంది.

ఇక్కడ మాత్రం ఆ సాక్షిని కాస్త అడ్డు ప్రశ్నలు వేయాలి. కళింగపట్నంలో వాన, సాలూరులో వాన ఒకేలా ఉండవు. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. కాబట్టి ఆ ఊరి వానను ఆ ఊళ్లోనే, గాల్లోంచి రాలే ధూళితో సహా ఏడాది పొడవునా పట్టి చూడాలి. ఊరి మధ్య నూతిలో మరుగుదొడ్ల ఉప్పు, పశువుల పాకల ఉప్పు కలిసి ఉంటుంది. పొలంలో పొటాష్ వేస్తాం, అది పొటాషియం క్లోరైడే, బరువులో దాదాపు సగం క్లోరైడ్. తోడిన నీళ్లనే మళ్లీ పెట్టడం వల్ల ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. ఇవన్నీ నూతి అంకెను 50 నుంచి 150కి తీసుకెళితే రీఛార్జ్ పది శాతం కాస్తా మూడుకు పడిపోతుంది, భూమిలో ఏ మార్పూ లేకుండానే. అందుకే ఈ పరీక్షకు కొండ వాలులో, సేద్యం లేనిచోట ఉన్న నుయ్యో ఊటో వెతకాలి.

హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970ల నుంచి ఇంకో దారి పట్టారు. వానలకు ముందు వేళ్ల పొర కింద ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) కలిపిన నీటిని చుక్కలుగా ఎక్కించి, వానలయ్యాక తవ్వి అది ఎంత కిందికి జరిగిందో చూడటం. దేశంలో పలుచోట్ల ఇలా చూస్తే సీజన్ వానలో ఇంచుమించు 4 నుంచి 20 శాతం వరకు వచ్చింది. ఒకే దేశంలో, ఒకే పద్ధతిలో, ఐదు రెట్ల తేడా. పుస్తకంలోంచి ఒక శాతం ఎత్తుకొచ్చి వాడేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఆ తేడాను చూడటానికి దేశమంతా తిరగక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లాలోనే ఉద్దానానికి వెళితే చాలు. కవిటి, సోంపేట వైపు కొబ్బరి తోటల కింద ఉన్నది ఇసుక. ఇసుక ఒండ్రుకు స్పెసిఫిక్ యీల్డ్ 16 శాతం తీసుకుంటారు. అక్కడ నుయ్యి ఒక్క మీటరు లేస్తే 160 మి.మీ. నీరు చేరినట్టు. గరివిడి నూతిలో అదే నీటికి ఎనిమిది మీటర్లు లేవాలి. అక్టోబరు తుఫాను వానను గరివిడి వెనక్కి పంపేస్తే ఉద్దానం ఇసుక తాగేస్తుంది. ఆ తాగిన నీరు ఇసుక దిబ్బల మధ్య పల్లంలోని బీలలో, అంటే చిత్తడి నేలలో, పైకి తేలుతుంది. నెవాడా లోయ అడుగున ఊటలు, పొదలు చేసే పనిని ఇక్కడ బీల చేస్తుంది. నేలకు అందిందెంతో తెలుసుకోవాలంటే వానమాపకం కంటే బీలను గమనించడం మేలు. బీలను పనికిరాని బురద నేలగా లెక్కగట్టిన ప్రతిసారీ మనం ఆ కొలపాత్రనే పారేస్తున్నాం.

రాతి నేలల్లో ఆ పని చేసేది గెడ్డ. వాన లేని రోజుల్లో గెడ్డలో పారేది భూమి వదిలిన నీరే. మన పది చదరపు కిలోమీటర్ల ఉదాహరణకే వస్తే, జూలై నుంచి అక్టోబరు వరకు వరద పోగా సన్నగా పారే నీరు సెకనుకు 30 లీటర్లు అనుకుందాం. 120 రోజులకు మూడు లక్షల ఘనపు మీటర్లు, అంటే 31 మి.మీ. ఇది నేలలోకి దిగి, నూతి మట్టంలో కనబడకుండా జారిపోయిన రీఛార్జ్. మట్టం ఐదు మీటర్లు పెరిగినప్పుడు నూతి లెక్కలో వచ్చిన 75–150కి దీన్ని కలిపితే 106–181 అవుతుంది. సర్కారీ పట్టికలో 5 శాతం వరస చెప్పిన 55 కంటే చాలా ఎక్కువ. అయితే రబీకి ఇది దక్కుతుందా? దక్కదు. నవంబరు నాటికి భూమిలో నిలిచింది 75–150 మాత్రమే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు గెడ్డ సెకనుకు 20 లీటర్ల చొప్పున ఇంకో 15 మి.మీ. పట్టుకుపోతుంది. చేతికి మిగిలేది 60 నుంచి 135. ఊరి తాగునీరు దాన్లోంచే పోవాలి. రీఛార్జ్ ఎక్కువే, వాడుకోగలిగింది తక్కువ. ఈ రెంటినీ ఒకే మాటగా వాడటం వల్ల పుట్టిన గొడవలే చాలా ఉన్నాయి. నన్నడిగితే 60 దగ్గర, అంటే 300 ఎకరాల మొక్కజొన్న దగ్గర మొదలుపెట్టి, నూతులు చూసుకుంటూ పెంచుకోమంటాను.

ఆ 60కీ 135కీ మధ్య అంతరమంతా ఒకే ఒక్క తెలియని అంకె నుంచి వస్తోంది, స్పెసిఫిక్ యీల్డ్ 1.5 శాతమా, 3 శాతమా? దీన్ని తేల్చడానికి పుస్తకం కంటే ఎండాకాలం మెరుగైన దారి. 1997 కమిటీ కూడా రాతి నేలలకు దీన్నే సూచించింది. ఫిబ్రవరి చివర గెడ్డ ఎండాక, వాన లేని రోజుల్లో మట్టం పడిపోవడానికి ముఖ్యకారణం మన పంపులే. ఊళ్లో 60 బోర్లు, ఒక్కోటి సెకనుకు 2 లీటర్లు, రోజుకు ఐదు గంటలు, 90 రోజులు నడిచాయనుకుంటే తోడింది 1.94 లక్షల ఘనపు మీటర్లు, విస్తీర్ణానికి పంచితే 19 మి.మీ. పైచిలుకు. ఆ మధ్యలో పరీవాహకం మొత్తం మీద మట్టం సగటున 1.2 మీటర్లు పడితే స్పెసిఫిక్ యీల్డ్ 1.6 శాతం. 0.8 మీటరే పడితే 2.4 శాతం. దీనికి కావలసింది ఒక టేపు, బకెట్టు, గడియారం, పంపు గంటలు రాసే నోటుబుక్కు. వ్యవసాయ బోర్లకు కరెంటు ఉచితం కాబట్టి బిల్లు చూసి గంటలు లెక్కగట్టే వీల్లేదు, ఎవరో ఒకరు రాయాల్సిందే. అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి ఏడు కరువు జిల్లాల్లో 2000 దశకంలో రైతులే ఊరూరా నూతి మట్టాలు, వాన కొలిచి, రబీకి ముందు అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. వాళ్లతో పోలిస్తే రెట్టింపు వాన పడే మన దగ్గర ఆ పని ఇంకా చాలా ఊళ్లలో మొదలవ్వాలి.